యూనివర్సిటీ బయట క్రిటికల్ థియరీ చదవాలంటే: ప్రత్యామ్నాయ గ్రాడ్యుయేట్ స్కూళ్లపై సమగ్ర మార్గదర్శి

ఫూకో, వాల్టర్ బెంజమిన్, జుడిత్ బట్లర్, గాయత్రి స్పివాక్. సమాజాన్ని, సంస్కృతిని, అధికారాన్ని ప్రశ్నించి విడమరిచే క్రిటికల్ థియరీలో పెద్ద రచయితలు వీళ్లు. ఈ పేర్లు ఇవాళ మన సాహిత్య సభల్లో కూడా వినబడుతున్నాయి. పేరు చెప్పేవాళ్లతో పోలిస్తే కూర్చుని చదివినవాళ్లు తక్కువే. చదవాలని ఉన్నా దారి తెలియనివాళ్లు మాత్రం చాలామంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఇఫ్లూ, ఢిల్లీలో జేఎన్‌యూ లాంటి కొద్ది చోట్లే మనకు ఈ చదువు పద్ధతిగా దొరుకుతుంది. అక్కడ సీటు రాకపోయినా, బీటెక్ చేసి ఉద్యోగంలో పడిపోయినా, పెళ్లీ పిల్లలతో చదువు మధ్యలో ఆగిపోయినా ఇక అంతేననుకుంటారు.

అంతే కాదు. యూనివర్సిటీ గోడల బయట పీజీ స్థాయిలో హ్యుమానిటీస్ చెప్పే స్కూళ్లు ఉన్నాయి. వాటిలో చాలా క్లాసులు ఇప్పుడు ఆన్‌లైన్‌లో జరుగుతున్నాయి కాబట్టి కాకినాడలోనో కరీంనగర్‌లోనో ఉండి కూడా చేరవచ్చు. ఎలా ఎంచుకోవాలి, ఎలా సిద్ధం కావాలి, చేరాక ఏం చేయాలి అనేది ఒక్కో అడుగుగా చెబుతాను. నా అభిప్రాయం మాత్రం ముందే చెప్పేస్తున్నాను. మీరు రాసిన నాలుగు పేజీలను తెలిసిన మనిషి ఒకరు ఓపిగ్గా చదివి, వాదన ఎక్కడ కుదరలేదో చూపించడం కంటే విలువైనది ఏ స్కూలూ ఇవ్వలేదు. ఈ కింది నిర్ణయాలన్నీ దాన్ని దృష్టిలో పెట్టుకునే తీసుకోండి.

మొదటి అడుగు: పట్టా కావాలా, చదువు కావాలా తేల్చుకోండి

ఇది తేలకుండా డబ్బు కట్టకండి. న్యూయార్క్‌లో 2012లో మొదలైన బ్రూక్లిన్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ సోషల్ రీసెర్చ్ డిగ్రీ ఇవ్వదు. అక్కడ దొరికేది నాలుగు వారాల క్లాసు, మంచి టీచరు, తోటి పాఠకులు. స్విట్జర్లాండ్‌లో 1994లో స్థాపించిన యూరోపియన్ గ్రాడ్యుయేట్ స్కూల్ మాత్రం ఎమ్మే, పీహెచ్‌డీ ఇస్తుంది. రెండూ మంచివే, కానీ రెండిటితోనూ తీరే అవసరం ఒకటి కాదు.

లెక్చరర్ ఉద్యోగమో, యూజీసీ నెట్, సెట్ పరీక్షలు పాసవడమో మీ లక్ష్యమైతే ఇక్కడ గుర్తింపు ఉన్న పీజీ తప్పదు. విదేశీ డిగ్రీ మన దగ్గర చెల్లాలంటే అది మన డిగ్రీతో సమానమన్న గుర్తింపు ఉండాలి. ఈ విషయంలో యూజీసీ 2025లో కొత్త నిబంధనలు తెచ్చింది. విదేశంలో ఒక ప్రభుత్వం లైసెన్సు ఇచ్చినంత మాత్రాన ఆ పట్టా ఇక్కడ చెల్లుతుందని అనుకోవద్దు. చేరకముందే ఆ స్కూలుకు ఈమెయిల్ రాసి, ఏ దేశంలో, ఏ సంస్థ, ఏ స్థాయికి గుర్తింపు ఇచ్చిందో రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఆ కాగితం పట్టుకుని యూజీసీ నిబంధనలతో సరిచూసుకోండి.

గుర్తింపు లేకపోవడం, చదువు నాసిగా ఉండటం ఒకటి కావని చెప్పడానికి చరిత్రలోనే మంచి ఉదాహరణ ఉంది. 1968 విద్యార్థి ఉద్యమం తరువాత పారిస్ శివార్లలో విన్సెన్ యూనివర్సిటీ పెట్టినప్పుడు అక్కడి ఫిలాసఫీ విభాగాన్ని కట్టింది ఫూకో. బాదియూ, లియోటార్, డెల్యూజ్ లాంటి పేరున్న తత్వవేత్తలు అక్కడ పాఠం చెప్పారు. 1970 జనవరిలో విద్యామంత్రి ఒలివియే గిషార్ ఆ విభాగం డిగ్రీకి జాతీయ గుర్తింపు తీసేశారు. అయినా క్లాసులు కిటకిటలాడాయి. అక్కడ చదివినవాళ్లకు ఉద్యోగం దగ్గర ఇబ్బంది వచ్చిందన్నదీ నిజమే. ఈ రెండూ తెలిసే నిర్ణయం తీసుకోవాలి.

రెండో అడుగు: ఎలాంటి స్కూళ్లు ఉన్నాయో చూడండి

క్రిటికల్ థియరీ పుట్టిందే యూనివర్సిటీకి సగం లోపల, సగం బయట. ధాన్యం వ్యాపారి కొడుకు ఫెలిక్స్ వైల్ ఇప్పించిన డబ్బుతో 1923లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో సామాజిక పరిశోధనా సంస్థ వెలిసింది. ఫ్రాంక్‌ఫర్ట్ యూనివర్సిటీతో సంబంధం ఉన్నా దాని డబ్బు దానిది, దాని ఎజెండా దానిది. 1930లో మాక్స్ హోర్క్‌హైమర్ డైరెక్టర్ అయ్యారు. 1933లో నాజీలు మూయించారు. జెనీవా మీదుగా 1934లో న్యూయార్క్ చేరి కొలంబియా యూనివర్సిటీ నీడన బతికింది. ఆ సంస్థ పత్రికలో రాసిన బెంజమిన్ అయితే ఏనాడూ ప్రొఫెసర్ కాలేదు. అధ్యాపక అర్హత కోసం సమర్పించిన సిద్ధాంత గ్రంథాన్ని 1925లో ఫ్రాంక్‌ఫర్ట్ యూనివర్సిటీ తిరస్కరించబోతోందని తెలిసి వెనక్కు తీసుకున్నారు. బయట నుంచి చదివితే తక్కువేమో అనే బెంగ మీకుంటే ఈ సంగతి గుర్తుంచుకోండి.

ఇవాళ ఉన్నవాటిని నేను నాలుగు రకాలుగా చూస్తాను.

ఒకటి, ఊళ్లో జనం కోసం పెట్టిన క్లాసులు. ఫ్రాంక్‌ఫర్ట్ సంస్థను గుర్తుచేసే పేరు పెట్టుకున్న బ్రూక్లిన్ ఇన్‌స్టిట్యూట్ ఈ కోవలోది. బార్ల వెనక గదుల్లో, పుస్తకాల షాపుల్లో పాఠాలు చెప్పి పెరిగింది. సాధారణంగా ఒక కోర్సు నాలుగు వారాలు, వారానికి మూడు గంటలు. పీహెచ్‌డీ చేసినవాళ్లు చెబుతారు, నర్సులూ లాయర్లూ రిటైరైనవాళ్లూ పక్కపక్కన కూర్చుంటారు. మొదటిసారి అడుగుపెట్టేవాళ్లకు నేను ఈ రకాన్నే సూచిస్తాను. ఖర్చు పరిమితం, నెలలో తేలిపోతుంది, నచ్చకపోతే పోయేదీ తక్కువే.

రెండు, పూర్తిగా ఆన్‌లైన్‌లో నడిచేవి. 2014లో అమెరికాలో మొదలైన న్యూ సెంటర్ ఫర్ రీసెర్చ్ అండ్ ప్రాక్టీస్ అలాంటిది. ఫిలాసఫీ, కళ, టెక్నాలజీ కలిసే చోట దాని ఆసక్తి. కొత్తవాళ్లకు కొంచెం బరువు.

మూడు, వేసవి బడులు. స్కూల్ ఆఫ్ క్రిటిసిజం అండ్ థియరీ 1976లో కాలిఫోర్నియాలోని ఇర్వైన్‌లో పుట్టి, రెండు చోట్లు మారి, 1997లో కార్నెల్ యూనివర్సిటీకి చేరింది. ఆరు వారాల సెషన్లకు పేరుపొందింది. న్యూయార్క్‌లోని న్యూ స్కూల్‌లో వారం రోజుల సెమినార్లు జరుగుతాయి. లండన్‌లో బిర్క్‌బెక్ కూడా వేసవిలో క్రిటికల్ థియరీ స్కూల్ నడుపుతుంది. ఇవి ఎక్కువగా ఇప్పటికే పీజీ, పీహెచ్‌డీలో ఉన్నవాళ్ల కోసం.

నాలుగు, డిగ్రీ ఇచ్చే యూరోపియన్ గ్రాడ్యుయేట్ స్కూల్ లాంటివి. కార్లు తిరగనివ్వని సాస్‌ఫీ అనే ఆల్ప్స్ పర్వత గ్రామంలో వేసవి క్లాసులు పెడుతుంది. మాల్టాలోనూ లైసెన్సు తీసుకుంది. జిజెక్, బట్లర్, అగాంబెన్ లాంటి పెద్దపెద్ద పేర్లు దాని అధ్యాపకుల జాబితాలో కనబడ్డాయి. ఫీజుకు తోడు షెంగెన్ వీసా, విమానం, బస ఖర్చులు లెక్కేసుకోండి. పారిస్‌లో తత్వవేత్త డెరిడా తదితరులు 1983లో పెట్టిన కాలేజ్ ఇంటర్నేషనల్ ద ఫిలాసఫీ దీనికి పూర్తిగా భిన్నం. సెమినార్లు ఉచితం, ఎవరైనా రావచ్చు, పట్టా ఉండదు. ఫ్రెంచ్ వచ్చినవాళ్లకు అది వరం.

మన దగ్గర కూడా ఈ ప్రయత్నాలు జరిగాయి. బెంగళూరులోని సెంటర్ ఫర్ ద స్టడీ ఆఫ్ కల్చర్ అండ్ సొసైటీ యూనివర్సిటీ కాకపోయినా కల్చరల్ స్టడీస్‌లో పీహెచ్‌డీ నడిపింది. చిరంజీవి అభిమాన సంఘాల మీద పరిశోధన చేసిన ఎస్.వి. శ్రీనివాస్ అక్కడ పనిచేసినవారే. హైదరాబాద్‌లో 1985లో ఏర్పడిన అన్వేషి స్త్రీల అధ్యయన పరిశోధనా కేంద్రం డిగ్రీలు ఇవ్వకుండానే ఎంత పని చేసిందో చూడండి. భారతీయ స్త్రీల రచనల మీద సూసీ తారు, కె. లలిత సంపాదకత్వంలో రెండు సంపుటాలు 1991లో, 1993లో వచ్చి దేశమంతటా పాఠ్యాంశాలను మార్చాయి.

మూడో అడుగు: డబ్బు కట్టేముందు అడగాల్సినవి

ముందు సిలబస్ అడగండి. వారంవారీగా ఏ రచన, ఎన్ని పేజీలు అనేది ఉండాలి. పేరున్న సిద్ధాంతకర్తల జాబితా ఇచ్చి పేజీలు చెప్పని సిలబస్ మీద నాకు నమ్మకం లేదు. వారానికి యాభై, అరవై పేజీల కష్టమైన గద్యం చాలు. వారానికి మూడొందల పేజీలు పెట్టారంటే ఉద్యోగం చేసుకుంటూ ఎవరూ చదవలేరు.

తరువాత, వెబ్‌సైట్‌లో ఫొటో ఉన్న ప్రొఫెసర్ మీ క్లాసుకు నిజంగా వస్తారా, ఎన్ని గంటలు వస్తారు, మిగతా క్లాసులు ఎవరు తీసుకుంటారు అని అడగండి. క్లాసులో ఎంతమంది ఉంటారో అడగండి. ఇరవై దాటితే అది సెమినార్ కాదు, ఉపన్యాసమే. నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న: మీరు రాసింది ఎవరు చదువుతారు, ఎన్నిసార్లు, రాతపూర్వకంగా అభిప్రాయం ఇస్తారా? దీనికి సూటిగా జవాబు రాకపోతే ఆ కోర్సును పాడ్‌కాస్ట్‌లా వినడానికి సరిపడా డబ్బే పెట్టండి.

టైం చూసుకోండి. న్యూయార్క్‌లో సాయంత్రం ఆరున్నరకు మొదలయ్యే క్లాసు మనకు వేసవిలో తెల్లవారుజామున నాలుగింటికి, చలికాలంలో ఐదింటికి. పొద్దున్నే లేచేవాళ్లకు ఇది బాగానే కుదురుతుంది, ఆఫీసుకు అడ్డం రాదు. జర్మనీలో సాయంత్రం ఆరంటే మనకు రాత్రి తొమ్మిదిన్నర లేదా పదిన్నర. రాత్రి షిఫ్టు ఉద్యోగులు ఇది చూడకుండా చేరితే రెండో వారానికే మానేస్తారు. రద్దు చేసుకుంటే డబ్బు వెనక్కి వస్తుందా, ఫీజు రాయితీ ఉందా అని కూడా అడగండి. రాయితీ అడగడానికి మొహమాటపడొద్దు. మన ఆదాయానికి డాలర్ ఫీజు బరువే, ఆ మాట వాళ్లకు రెండు వాక్యాల్లో మర్యాదగా రాయవచ్చు.

నాలుగో అడుగు: చేరకముందు పునాది

రెండు, మూడు నెలలు ఇంట్లో చదవండి. యేల్ యూనివర్సిటీలో పాల్ ఫ్రై 2009లో చెప్పిన సాహిత్య సిద్ధాంత పరిచయం 26 ఉపన్యాసాలూ ఉచితంగా దొరుకుతాయి. తెలియని పేరు తగిలితే స్టాన్‌ఫర్డ్ ఎన్‌సైక్లోపీడియా ఆఫ్ ఫిలాసఫీ తెరవండి. మార్క్స్ నుంచి బెంజమిన్ దాకా చాలా రచనలు మార్క్సిస్ట్స్ ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్నాయి. ప్రభుత్వ యూనివర్సిటీలో చదివే స్నేహితులుంటే, 2025 జనవరి నుంచి అమలవుతున్న వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ (ప్రభుత్వ విద్యాసంస్థలకు జర్నల్స్ అందించే కేంద్ర పథకం) ద్వారా వాళ్ల లైబ్రరీలో ఏ జర్నల్స్ చదవడానికి వీలుందో కనుక్కోండి.

పరిచయ పుస్తకాల మీద పుస్తకాలు చదువుకుంటూ పోకండి. ఒకటి చాలు. ఆ తరువాత నేరుగా మూల రచనలోకి దిగండి, చిన్నదైనా సరే.

ఐదో అడుగు: ఒక రచనను మూడుసార్లు చదవడం

ఈ చదువుకు గుండెకాయ ఇదే, అందుకే ఇక్కడ ఎక్కువసేపు ఆగుతాను. ఇమ్మాన్యుయెల్ కాంట్ 1784లో బెర్లిన్ పత్రికకు రాసిన వ్యాసం తీసుకుందాం. జ్ఞానోదయం అంటే ఏమిటి అన్న ప్రశ్నకు జవాబు అది. పది పేజీలు కూడా ఉండదు.

మొదటిసారి పెన్ను లేకుండా చివరి దాకా చదవండి. అర్థం కాని చోట ఆగొద్దు.

రెండోసారి పేరా పక్కన తెలుగులో ఒక్క వాక్యం రాయండి. పేరాలో ఏముందో కాదు, ఆ పేరా ఏం చేస్తోందో రాయాలి. ఉదాహరణకు మొదటి పేరా నిర్వచనం ఇస్తుంది: మనిషి తన చేతులారా తెచ్చుకున్న పరాధీనత నుంచి బయటపడటమే జ్ఞానోదయం. రెండో పేరా కారణం చెబుతుంది: సోమరితనం, పిరికితనం. నా బదులు ఆలోచించే పుస్తకం, నా మనస్సాక్షి బదులు పాస్టరు, నా పథ్యం చూసుకునే డాక్టరు ఉంటే నేను శ్రమపడటం ఎందుకు అంటాడు కాంట్. ఇలా తెలుగులో రాయడం చాలా అవసరం. ఇంగ్లిష్ వాక్యాన్నే తిప్పి ఇంగ్లిష్‌లో రాసుకుంటే అర్థమైనట్టే ఉంటుంది. తెలుగులో పెట్టబోతే ఎక్కడ అర్థం కాలేదో బయటపడుతుంది.

మూడోసారి, మీ మామూలు వాడుకకు ఎదురుతిరిగే చోటు వెతకండి. ఈ వ్యాసంలో అది బుద్ధిని ప్రైవేటుగా, పబ్లిక్‌గా వాడటం అనే తేడా. ఆఫీసులో చేసేది పబ్లిక్, ఇంట్లో చేసేది ప్రైవేటు అని మనం అనుకుంటాం. కాంట్ తిరగేశాడు. సైనికాధికారి, పన్ను చెల్లించే పౌరుడు, చర్చిలో బోధించే పాస్టరు తమ స్థానాన్ని బట్టి చేసేది బుద్ధి ప్రైవేటు వాడకం, అక్కడ విధేయత ఉండొచ్చు. అదే పాస్టరు పండితుడిగా పాఠకలోకం ముందు చర్చి లోపాల గురించి రాస్తే అది పబ్లిక్ వాడకం, దానికి ఎప్పుడూ స్వేచ్ఛ ఉండాలి.

ఇప్పుడు దీన్ని మన నేల మీద పరీక్షించండి. ఒక మండలంలో ప్రభుత్వ టీచరు క్లాసులో ప్రభుత్వం ఇచ్చిన పాఠమే చెప్పాలి, దానికి కాంట్ ఒప్పుకుంటాడు. ఆ టీచరే ఆదివారం పత్రికలో ఆ పాఠ్యపుస్తకాన్ని, దాని వెనక ఉన్న విధానాన్ని విమర్శిస్తూ వ్యాసం రాస్తే? కాంట్ ప్రకారం అది ముట్టుకోకూడని స్వేచ్ఛ. మన దగ్గర 1964 నాటి ప్రభుత్వోద్యోగుల ప్రవర్తనా నియమాలు ప్రభుత్వ విమర్శకు అడ్డుకట్ట వేస్తాయి. అంటే టీచరు ఇంటికి వెళ్లాక కూడా ఉద్యోగిగానే ఉండాలా? కాంట్ గీసిన గీత ఇక్కడ ఎందుకు నిలబడదు? ఇలాంటి ప్రశ్న ఒక్కటి దొరికితే ఆ వారం సెమినార్‌కు మీరు సిద్ధమైనట్టే.

ఇంకో అడుగు వేయండి. పరాధీనత మనిషి చేతులారా తెచ్చుకున్నదే అంటాడు కాంట్. చదువే నిషేధించిన కులాల విషయంలో ఆ మాట చెల్లుతుందా? కాంట్ పక్కన అంబేడ్కర్ 1936 ప్రసంగ పాఠం, కుల నిర్మూలన, పెట్టి చదవండి. లాహోర్‌లో జాత్ పాత్ తోడక్ మండల్ అనే కుల వ్యతిరేక సంస్థ ప్రసంగానికి పిలిచి, పాఠం చూసి భయపడి సభను రద్దు చేస్తే ఆయన సొంత ఖర్చుతో 1,500 కాపీలు అచ్చువేయించారు. పాఠకలోకం అందరికీ తెరిచే ఉంటుందని కాంట్ ధీమా. ఆ లోకం తలుపు దగ్గర ఎవరు నిలబడి ఉంటారో అంబేడ్కర్ చూపించారు. ఆ తరువాత, కాంట్ వ్యాసానికి ఫూకో 1984లో రాసిన జవాబు చదవండి. ఈ మూడూ కలిపి వంద పేజీలకు కాస్త అటూఇటూ. మొదటి నెలకు ఇంతకంటే మంచి సిలబస్ నాకు తెలియదు.

ఆరో అడుగు: క్లాసులో

ప్రతి క్లాసుకూ పేజీ నంబరుతో సహా ఒక వాక్యం పట్టుకుని వెళ్లండి. దాన్ని చదివి, ఇక్కడ నాకు అర్థం కానిది ఇది అని చెప్పండి. పెద్ద అభిప్రాయం చెప్పాల్సిన పని లేదు. యాస గురించి, ఇంగ్లిష్ గురించి టెన్షన్ పడేవాళ్లకు కూడా ఇది సులువు, ఎందుకంటే పుటలో ఉన్న వాక్యం మీకు తోడుంటుంది. మన ఉదాహరణలు ఇవ్వడానికి సంకోచించకండి. అయితే రెండు వాక్యాల్లో నేపథ్యం చెప్పి ఇవ్వండి, లేకపోతే వినేవాళ్లు తల ఊపి ముందుకు వెళ్లిపోతారు. క్లాసు అవగానే పావుగంట కూర్చుని ఏ మాట మీ ఆలోచన మార్చిందో రాసిపెట్టుకోండి.

ఏడో అడుగు: రాయడం

వారానికి రెండు పేజీలు. ఒకే వాదం, ఒక ఉటంకింపు, మీకు తెగని ఒక చిక్కు. టీచరు అడగకపోయినా రాసి పంపండి. చాలామంది చదువుతారు, కొందరు జవాబిస్తారు.

కోర్సు చివర మూడు వేల పదాల వ్యాసం రాయాలి. వాదం ఎలా ఉండాలో చూపిస్తాను. కళాకృతిని యంత్రంతో ప్రతులు తీసే కాలం గురించి బెంజమిన్ రాసిన వ్యాసం 1936లో అచ్చయింది. ప్రతి తీసేకొద్దీ కళ పూజాగృహం నుంచి, ఆచారం నుంచి విడిపోతుందని, దాని ప్రభ, అంటే ఒక్క అసలు కృతికే ఉండే మహిమ, తగ్గుతుందని ఆయన అంటారు. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి పాడిన వేంకటేశ్వర సుప్రభాతం 1963లో రికార్డుగా వచ్చింది. తెలుగు సంగీతానికి బెంజమిన్ వర్తిస్తారు అని రాస్తే అది వాదం కాదు. ఇలా రాయండి: సుప్రభాతం రికార్డు గుడిని దాటి టీ కొట్టు దాకా వచ్చింది, కానీ ఆచారాన్ని వదల్లేదు, పైగా రోజూ తెల్లవారుజామున కొత్త ఆచారాన్ని పుట్టించింది, కాబట్టి ప్రతి తీయడం ఆచారం నుంచి విడదీస్తుందన్న మెట్టు దగ్గర బెంజమిన్ వాదన సడలుతుంది. ఇందులో ఎవరైనా కాదనగల మాట ఉంది, నిరూపించాల్సిన పని ఉంది.

వచ్చిన కామెంట్లతో తప్పకుండా రెండోసారి రాయండి. రెండో ప్రతి రాయనివాళ్లు ఎన్ని కోర్సులు చేసినా మొదటి కోర్సు దగ్గరే ఉంటారు.

ఎనిమిదో అడుగు: ఫీజు భారమైతే మీ ఊళ్లోనే

ఐదారుగురు చాలు. రెండు వారాలకొకసారి, రెండు గంటలు, ఇరవై ఐదు పేజీలు. హైదరాబాద్‌లో అయితే సభలకు, చర్చలకు చోటిచ్చే లామకాన్ ఉంది, బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం లైబ్రరీ ఉంది. చిన్న ఊళ్లలో శాఖా గ్రంథాలయంలో ఒక మూల అడగండి. ప్రతిసారీ ఒకరు మొదటి పది నిమిషాలు రచనను పరిచయం చేయాలి, ఇంకొకరు తాము రాసిన రెండు పేజీలు అందరికీ ముందే పంపాలి. పెద్దవాళ్లు, ప్రొఫెసర్లు ఉంటే వాళ్లను చివర్లో మాట్లాడమని ముందే చెప్పండి. మన సభల అలవాటు ప్రకారం వాళ్లు మొదట మాట్లాడితే మిగతావాళ్లు నోరు తెరవరు. ఆడవాళ్లు ఇంటికి చేరే టైం చూసి సమావేశం పెట్టండి, లేకపోతే మూడో నెలకు గుంపులో మగవాళ్లే మిగులుతారు.

ఆరు నెలలు ఇలా నడిచాక అందరూ కలిసి డబ్బు వేసుకుని ఒకరిని నాలుగు వారాల ఆన్‌లైన్ కోర్సులో చేర్పించవచ్చు. వాళ్లు తమ నోట్సు, తమ రెండు పేజీలు, వాటికి టీచరు ఇచ్చిన జవాబు తెచ్చి గుంపు ముందు పెట్టాలి. తరువాతి విడత ఇంకొకరిది. యూనివర్సిటీలో పీహెచ్‌డీకి దరఖాస్తు చేయాలనుకునేవాళ్లు ఈ ఏడాదిలో రాసిన వ్యాసాల్లో మంచిది ఒకటి తీసుకుని, మూడోసారి తిరగరాసి, పరిశోధనా ప్రతిపాదనకు మొదలుగా వాడుకోండి. ఇంటర్వ్యూలో అడిగేది ఎన్ని కోర్సులు చేశారని కాదు, మీ ప్రశ్న ఏమిటని.